కళ్లు తెరవకముందే మొదలయ్యే పల్లవి

తెల్లవారుజామున మెలకువ వస్తుంది. కళ్లింకా తెరవలేదు, టైమెంతయిందో తెలీదు, ఇవాళ ఏ వారమో గుర్తు రాలేదు. తలలో పాట మాత్రం అప్పటికే పల్లవి రెండో లైనుకి వచ్చేసి ఉంటుంది. మొదటి లైను ఎప్పుడు మొదలైందో మనకి తెలీదు. నోట్లో పేస్టు నురగ ఉండగా అదే లైను, డికాక్షన్ దిగేలోపు అదే లైను, బస్సెక్కి కూర్చున్నాక కూడా అదే.

జర్మన్లు దీన్ని 'ఓర్‌వుర్మ్' అన్నారు, అంటే చెవి పురుగు. మనం అనే 'చెవిలో జోరీగ' దీనికి ఇంకా బాగా అతుకుతుంది, ఎందుకంటే పురుగు నోరు మెదపదు, జోరీగ రొద పెడుతుంది. ఇది జబ్బు కాదు. ఫిన్లాండ్‌లో 12 వేల మందికి పైగా ఇంటర్నెట్ వాడేవాళ్లని అడిగితే, వారానికి ఒక్కసారైనా ఇలా అవుతుందని దాదాపు 90 శాతం మంది చెప్పారు.

అసలు ఎవరూ పాడకుండా పాట ఎలా వినిపిస్తుంది? కణతల లోపలివైపు, చెవి నుంచి వచ్చే శబ్దాన్ని అందుకునే మెదడు భాగం ఉంటుంది. దాన్ని శ్రవణ వల్కలం అంటారు. 2005లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ పరిశోధకులు కొందరిని ఎంఆర్ఐ మిషన్‌లో పడుకోబెట్టి పాటలు వినిపిస్తూ, మధ్యమధ్యలో రెండు నుంచి ఐదు సెకన్ల పాటు శబ్దం తీసేశారు. తెలిసిన పాటైతే ఆ ఖాళీలోనూ శ్రవణ వల్కలం చురుగ్గా పనిచేస్తూనే ఉంది. లేని ముక్కని మెదడే పాడుకుంది. తెలియని పాటలో అంత చురుకు కనిపించలేదు. మనసులో పాట అంటే ఏదో మసక జ్ఞాపకం కాదు, వినే యంత్రాంగమే లోపలి నుంచి నడుస్తోందన్నమాట.

ఎంత కచ్చితంగా నడుస్తుందో ఎవరికి వాళ్లు ఇంట్లోనే చూసుకోవచ్చు. రేపు పొద్దున పాట తిరుగుతున్నప్పుడు దాని తాళానికి సింకు అంచు మీద వేలితో తట్టండి. 15 సెకన్లలో ఎన్ని తట్లు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. 24 తట్లు పడితే నిమిషానికి 96. తరవాత అసలు పాట పెట్టి అలాగే లెక్కించండి. దానికి 100 వస్తే తేడా నాలుగే. 2015లో లండన్ పరిశోధకులు జనం ముంజేతికి చలనాన్ని కొలిచే పరికరం కట్టి ఇదే పని చేయించారు. దాదాపు 59 శాతం సందర్భాల్లో తలలోని వేగం అసలు రికార్డు వేగానికి పది శాతం లోపు తేడాతోనే ఉంది. సంగీతం నేర్చుకోని మనిషి తలలో కూడా ఇంత మంచి తాళం ఉండటం నిజంగా ముచ్చట గొలిపే సంగతి.

తిరిగేది పాటంతా కాదు, ఓ పదిహేను ఇరవై సెకన్ల ముక్క. అందులోనూ పల్లవే ఎక్కువ. కారణం మన పాటల కట్టుబడిలోనే ఉంది. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి, ఇంకో చరణం, మళ్లీ పల్లవి. ఒక్కసారి పాట వింటే పల్లవి మొదటి లైను కనీసం మూడు సార్లు చెవిన పడుతుంది, చరణం మాత్రం దేనికది ఒక్కసారే. మనసులో పాడుకుంటూ చరణం రెండో లైనుకి వచ్చేసరికి మాట తట్టదు. తట్టని చోట పాట ఆగదు, బాగా తెలిసిన పల్లవికే జారిపోతుంది. రీల్స్ దీన్ని మరీ ఎక్కువ చేశాయి. వాటిలో చరణమన్నదే లేదు, ఆ ముక్కే పదిసార్లు.

2017లో వంద 'జోరీగ పాటల్ని' అంతే జనాదరణ ఉన్న మరో వంద పాటలతో పోల్చి చూశారు. అతుక్కునే పాటలు కాస్త వేగంగా ఉన్నాయి. స్వరం ఎక్కి దిగే తీరు మామూలుగా వినే బాణీల్లాగే ఉంది, దాని మధ్యలో ఒకచోట ఊహించని గెంతో, మామూలు కంటే ఎక్కువసార్లు అదే స్వరం తిరగడమో ఉంది. నేర్చుకోవడానికి సులువు, మర్చిపోవడానికి వీల్లేని చిన్న మెలిక అన్నమాట.

ఇంతకీ పొద్దున్నే ఎందుకు? సగం జవాబు మెలకువలో ఉంది. నిద్ర లేచిన మొదటి పావుగంట, అరగంట మెదడు పూర్తిగా మేలుకోదు. ధ్యాసని ఒక పని మీద నిలిపే ముందుభాగం నెమ్మదిగా తేరుకుంటుంది. ధ్యాస ఖాళీగా ఉన్న చోటే పాట దూరుతుంది. మిగతా సగం రాత్రిలో ఉంది, నా దృష్టిలో అదే ముఖ్యమైన సగం. టెక్సాస్‌లోని బేలర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్కలిన్ బృందం 2021లో ఓ ప్రయోగం ప్రచురించింది. 50 మందికి పడుకునే ముందు బాగా తెలిసిన పాటలు వినిపించారు. కొందరికి మాటలతో, కొందరికి అవే పాటలు వట్టి వాద్యాల మీద. వాద్యసంగీతం హాయిగా నిద్ర పట్టిస్తుందని అందరూ అనుకుంటాం. తీరా చూస్తే అదే రమారమి రెట్టింపు జోరీగల్ని పుట్టించింది, నిద్రనీ ఎక్కువ పాడుచేసింది. పాట పట్టుకున్న వాళ్ల మెదడు తరంగాల్లో, తల ముందుభాగాన, సెకనుకి ఒకసారి కంటే నెమ్మదిగా సాగే అలలు పెరిగాయి. జ్ఞాపకాలు నిద్రలో గట్టిపడేటప్పుడు కనిపించే గుర్తు అది. మనిషి పడుకున్నా మెదడు పాటని పక్కన పెట్టలేదు.

మాటలు తీసేస్తే ఎందుకు ఎక్కువైంది? తెలిసిన పాటలో మాటలు లేకపోతే వాటిని పూరించే పని మనసే నెత్తిన వేసుకుంటుంది కాబట్టి అనుకోవచ్చు. డార్ట్‌మత్ ప్రయోగంలోని ఖాళీల్లాంటిదే ఇదీ. కాబట్టి నిద్ర కోసమని సినిమా పాటల్ని వేణువు మీదో వీణ మీదో పెట్టుకునే వాళ్లు ఈ అలవాటుని మరోసారి ఆలోచించుకోవాలి. ఆ ప్రయోగం జరిగింది తెలిసిన పాటల మీదేనని మాత్రం గుర్తుంచుకోండి, ఎప్పుడూ వినని ఆలాపన గురించి అది ఏమీ చెప్పదు.

అందుకే పొద్దుటి పాటకి మందు రాత్రే వేయాలి. పడుకునే ముందు కనీసం ఓ గంట పాటలూ రీల్సూ ఆపి చూడండి. ఎంతసేపన్న కొలత ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిందే, వారం రోజులు ప్రయత్నిస్తే తెలిసిపోతుంది. ఆఖరి పాట ఆగాక ఒక్క నిమిషం గమనించండి. అది తలలో ఇంకా నడుస్తుంటే మర్నాటిలోగా తిరిగొచ్చే అవకాశం ఎక్కువని 2013లో అమెరికాలో చేసిన ప్రయోగాలు చూపించాయి. అప్పుడు పక్కెక్కకుండా ఐదు నిమిషాలు కాగితం మీద రేపు చేయాల్సిన పనులు రాయండి. కరెంటు బిల్లు, పిల్లాడి ఫీజు, గ్యాస్ బుకింగ్, ఇలా విడివిడిగా. స్కలిన్ బృందమే ఇంకో ప్రయోగంలో, ఇలా రాసినవాళ్లకి అయిపోయిన పనులు రాసిన వాళ్లకంటే త్వరగా నిద్ర పట్టడం చూసింది.

ఇక పొద్దున పాట ఎలాగూ పట్టుకుంటే, అందరూ చేసే పొరపాటు 'ఆపు, ఆపు' అని దాంతో పోట్లాడటం. ఒక ఆలోచనని రానివ్వకూడదనుకుంటే, అది వచ్చిందా లేదా అని మనసు మాటిమాటికీ తొంగిచూడాలి. ఆ చూపే దాన్ని పిలుచుకొస్తుంది. దానికంటే నోటికి పని చెప్పడం మేలు. ఇంగ్లండ్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయం 2015లో దీన్ని పరీక్షించింది. చూయింగ్ గమ్ నమిలిన వాళ్లకి పాట తక్కువసార్లు తట్టింది. వట్టినే వేలు తట్టిన వాళ్లకి అంత ఫలితం రాలేదు. మనసులో పాడుకోవడానికి కూడా నాలుక, దవడలని కదిలించే ఏర్పాటే కావాలి, నమలడం దాన్ని వాడేసుకుంటుంది. ఇడ్లీ తింటూ పక్కవాళ్లతో మాట్లాడటం కూడా ఇలాగే పనికొస్తుందని నా అంచనా.

అదీ కుదరకపోతే తట్టని చరణం వెతికి, పాట మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి వినండి. కొందరికి అంతటితో పోతుంది. ఇంకో పాట పెట్టి దీన్ని తరిమేయబోతే కొత్తది దీని చోట కూర్చునే ప్రమాదం ఉంది. పదకేళి, సుడోకు లాంటివి పనికొస్తాయి, కానీ మరీ సులువైనవి వద్దు, మరీ కష్టమైనవీ వద్దు. కష్టమైతే ధ్యాస తప్పిపోతుంది, తప్పిన ధ్యాసలోకి పాట మళ్లీ వస్తుంది.

ఒకటి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. పాట గంటల తరబడి వదలకుండా పనీ నిద్రా చెడగొడుతుంటే మానసిక వైద్యుల్ని కలవాలి, చికిత్స ఉంది. పెద్దవాళ్ల విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. చెవుడు వచ్చిన అమ్మమ్మో తాతయ్యో పొద్దున్నే 'పక్కింట్లో రేడియో ఎవరు పెట్టార్రా' అని అడిగితే, రేడియో ఎక్కడా మోగకపోతే, అది జోరీగ కాదు. బయటి నుంచే వినిపిస్తున్నట్టు అనిపించే సంగీత భ్రాంతి. వినికిడి తగ్గిన చెవి నుంచి శబ్దం అందక మెదడు తనే సంగీతం అల్లుకోవడం దీనికి తరచుగా కనిపించే కారణం. వాళ్లకి మతి పోతోందని కంగారు పెట్టకుండా ముందు చెవి డాక్టరు దగ్గర వినికిడి పరీక్ష చేయించండి. వినికిడి మిషన్ పెట్టుకుని బయటి మాటలు మళ్లీ వినపడటం మొదలయ్యాక కొందరికి ఆ పాట తగ్గుతుంది.