ఇంజినీరింగ్ మానేసి లాయర్ అవుదామనుకునేవాళ్ళకి: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేనూ ఐటీ నుంచి వచ్చినోణ్నే, ఇప్పుడు సిటీలో ట్రయల్ కోర్టుల్లో ప్రాక్టీస్. గచ్చిబౌలి ఫ్రెండ్స్ అడిగేవన్నీ దాదాపు ఒకటే రకం, అందుకే ఇక్కడ రాసి పడేస్తున్నా.

అపోహ: ఈ వయసులో లా సీటు ఎవడిస్తాడు?

ఇస్తారండీ. మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీకి మన లాసెట్‌లో, అంటే లా ఎంట్రన్స్‌లో, వయసు లిమిట్ లేదు, జనరల్ వాళ్ళకి డిగ్రీలో 45 శాతం ఉంటే చాలు, బీటెక్ కూడా డిగ్రీయే కదా. కాకపోతే రెగ్యులర్‌గా చదవాల్సిందే, డిస్టెన్స్ ఎల్‌ఎల్‌బీతో బార్ కౌన్సిల్‌లో అడ్వకేట్‌గా ఎన్‌రోల్ చేసుకోరు. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు కూడా జనరల్ వాళ్ళకి 750 దాటకూడదని 2024 జూలైలో సుప్రీంకోర్టు తేల్చేసింది.

అపోహ: జాబ్ చేసుకుంటూ సైడ్‌లో ప్రాక్టీస్ చేసుకోవచ్చు.

కుదరదు. బార్ కౌన్సిల్ రూల్ 49 ప్రకారం ఫుల్‌టైమ్ జీతం తీసుకునేవాడు అడ్వకేట్‌గా ప్రాక్టీస్ చేయకూడదు, వర్క్ ఫ్రమ్ హోమ్ అయినా అంతే. రూల్ సంగతి పక్కన పెట్టినా పదిన్నరకి కోర్టులో కాల్ వర్క్, అంటే ఆ రోజు కేసులన్నీ వరసగా పిలవడం, మీ స్టాండప్ మీటింగ్ కూడా సరిగ్గా అప్పుడే! సిటీల్లో జూనియర్లకి నెలకి 20,000 ఇవ్వండని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సర్క్యులర్ పంపింది గానీ అది సలహానే, ఇవ్వనోళ్ళని అడిగేవాడు లేడు. కాబట్టి ఈఎంఐలు నడుస్తుంటే ముందు వాటి లెక్క చూసుకుని అప్పుడు రిజైన్ చేయండి.

అపోహ: లాజిక్ ఉంటే కేసు గెలిచేయొచ్చు.

లాజిక్ చెప్పే రోజు రావాలంటే ముందు కేసు నంబర్ అవ్వాలి, అంటే కోర్టు ఆఫీసు కాగితాలు చూసి కేసుకి నంబర్ ఇవ్వాలి. వకాలత్ (క్లయింట్ మనకి కేసు అప్పగిస్తూ సంతకం పెట్టే కాగితం) మీద అడ్వకేట్ల వెల్ఫేర్ స్టాంప్ లేదనో, జిరాక్స్ సరిగ్గా కనపడట్లేదనో ఆఫీసు వాళ్ళు రిటర్న్ వేస్తారు, సరిచేసి మళ్ళీ వేస్తే ఇంకో అబ్జెక్షన్. ఇవన్నీ సీనియర్ గారి గుమాస్తా దగ్గర నేర్చుకోవాల్సినవే, ఆయన్ని మంచి చేసుకోండి.

అపోహ: చదివిన ఇంజినీరింగ్ అంతా వేస్ట్.

ఇది మాత్రం అస్సలు ఒప్పుకోను. 2024 జూలై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది కదా, అందులో సెక్షన్ 63 కింద సీసీటీవీ ఫుటేజో వాట్సాప్ చాటో ఫైల్ చేయాలంటే సర్టిఫికెట్ కావాలి, పార్ట్ ఏ పార్టీ ఇవ్వాలి, పార్ట్ బీ ఎక్స్‌పర్ట్ ఇవ్వాలి, రెండిట్లోనూ ఫైల్ హ్యాష్ వాల్యూ, అంటే ఫైల్‌కి వేలిముద్ర లాంటి కోడ్, రాయాలి. చాలామంది ఆ గడి ఏదో నింపేసి వదిలేస్తారు. మీరు పెన్‌డ్రైవ్‌లో ఫైల్ తీసి హ్యాష్ మీరే రన్ చేసి చూడండి, సర్టిఫికెట్‌లో ఉన్నదానితో కలవకపోతే క్రాస్ ఎగ్జామినేషన్‌కి సగం ప్రశ్నలు అక్కడే దొరుకుతాయి. ఒరిజినల్ వీడియోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే కంప్రెస్ అయి హ్యాష్ మారిపోతుందని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు, కోర్టులో మాత్రం ఓపిగ్గా చెప్పాలి.

సివిల్ ఇంజినీరింగ్ వాళ్ళకైతే ఇంకా పని ఉంది, స్థలం గొడవల్లో అడ్వకేట్ కమిషనర్ (స్థలం చూసి రమ్మని కోర్టు పంపే లాయర్) కొలతలు వేయించి రిపోర్ట్ పెడితే ఆ ప్లాన్‌ని చదవగలిగే లాయర్లు తక్కువే. కానీ ఖాస్రా పహాణీ, సేత్వార్ లాంటి పాత భూమి రికార్డులు చదవడం ఏ కాలేజీలోనూ చెప్పరు, అవి ఎవరికైనా కొత్తే.

అపోహ: ఇంజినీర్ లాయర్ అయితే పేటెంట్లే చూసుకోవాలి.

అదేం లేదు, ఏ కేసైనా చేయొచ్చు. అసలు పేటెంట్ ఏజెంట్‌కి, అంటే వేరేవాళ్ళ తరఫున పేటెంట్ అప్లికేషన్లు వేసేవాడికి, ఎల్‌ఎల్‌బీనే అక్కర్లేదు, సైన్స్ లేదా ఇంజినీరింగ్ డిగ్రీ పెట్టుకుని ఏజెంట్ ఎగ్జామ్ పాసైతే చాలు, మనకి పేటెంట్ ఆఫీసు చెన్నైలో. మీ ఇంట్రెస్ట్ అదొక్కటే అయితే ముందు ఆ ఎగ్జామ్ రాయండి, మూడేళ్ళు మిగులుతాయి.