ప్రాసెసర్ మూత పీకే ముందు

చిత్తూరు

చిరంజీవులకు ఆశీస్సులు.

ప్రాసెసర్ మీదుండే లోహపు మూత పీకేసి, లోపల లిక్విడ్ మెటల్ (ద్రవంలా పారే లోహం) పూస్తే ఇరవై డిగ్రీలు తగ్గుతుందంట, చేసేద్దామా అని అడిగారు. అంత తగ్గే ప్రాసెసర్లు ఉన్నమాట నిజమే. కానీ మీ ఇళ్లల్లో ఉన్న వాటిల్లో చాలావరకు తగ్గనివే. ఏది తగ్గుతుందో, ఏది తగ్గదో కాగితం మీద లెక్కేసి తేల్చుకోవచ్చు. ముందు ఆ లెక్క చెబుతాను, పీకే పద్ధతి తర్వాత.

మూత కింద ఉండే సిలికాన్ ముక్కను డై అంటారు. ఇంటెల్ ఐ7-8700కె ప్రాసెసర్‌లో దాని వైశాల్యం సుమారు 150 చదరపు మి.మీ. వేడంతా పుట్టేది ఆ చిన్న చోటులోనే. సిలికాన్ గాజులాగా పెళుసు. ఏఎండీ అథ్లాన్ ఎక్స్‌పీ రోజుల్లో మూత ఉండేది కాదు, కూలర్ (ప్రాసెసర్‌ను చల్లబరిచే లోహపు రెక్కలు, ఫ్యాను) క్లిప్పు బిగించేటప్పుడు కాస్త పక్కకు ఒరిగిందంటే డై మూల చిట్లేది, ప్రాసెసర్ చెత్తబుట్టలోకి పోయేది. నికెల్ పూత వేసిన రాగి మూత ఆ దెబ్బ నుంచి కాపాడుతుంది. దాంతోపాటు, మందపాటి దోసె పెనం సన్నని మంటను అంచులదాకా పరిచినట్టు, డై వేడిని కూలర్ అడుగంతా పరుస్తుంది. కాబట్టి రాగి మూతను తప్పుపట్టడానికి లేదు. చూడాల్సింది డైకీ మూతకీ మధ్య ఏం నింపారన్నది.

అక్కడ రెండు రకాలు నింపుతారు. ఒకటి థర్మల్ పేస్ట్, రెండోది ఇండియం టంకం. ఏదైనా సరే లెక్క ఒకటే. పొర మందాన్ని, దాని ఉష్ణవాహకత, వైశాల్యాల లబ్ధంతో భాగిస్తే ఆ పొర అడ్డంకి వస్తుంది. దాన్ని వాట్లతో గుణిస్తే, ఆ పొర దగ్గరే ఎన్ని డిగ్రీలు పెరుగుతుందో తెలుస్తుంది. 150 చదరపు మి.మీ. డై, 120 వాట్ల లోడు అనుకోండి. పేస్ట్ మందం 0.1 మి.మీ., వాహకత 5 (మీటరుకు, డిగ్రీకి వాట్లలో) అనుకుంటే అడ్డంకి వాటుకు 0.133 డిగ్రీలు. అంటే ఆ పొరలోనే 16 డిగ్రీలు పోతాయి. ఇండియం వాహకత 82. టంకం పొర 0.3 మి.మీ. ఉన్నా సరే 3 డిగ్రీలే. లిక్విడ్ మెటల్‌కు డబ్బా మీద 73 అని రాస్తారు. నేనైతే దాన్ని 40 గానే లెక్కలోకి తీసుకుంటాను. 0.05 మి.మీ. పొరకు 1 డిగ్రీ వస్తుంది.

ఇప్పుడు తీసివేతలు చేసుకోండి. పేస్ట్ ఉన్నదాన్ని విప్పి లిక్విడ్ మెటల్ పూస్తే 15 డిగ్రీలు మిగులు. టంకం ఉన్నదాన్ని విప్పితే 2. లోడు 200 వాట్లకు పెంచినా ఆ రెండు మూడవుతుంది, అంతే. నిజం ప్రాసెసర్లలో డై మందం, వేడి ఒకేచోట కుప్పపడడం లాంటివి కూడా ఉంటాయి కాబట్టి అంకెలు అటూ ఇటూ అవుతాయి. టంకం ఉన్న ఐ9-9900కె ని విప్పినవాళ్లకు ఐదు నుంచి తొమ్మిది డిగ్రీలు వచ్చాయి, పేస్ట్ ఉన్న ఐ7-7700కె, 8700కె ల్లో పది నుంచి ఇరవై దాకా వచ్చాయి. పేస్ట్ వాటిల్లో అంత తేడాకు పేస్ట్ నాణ్యత ఒక్కటే కారణం కాదు. మూత అంచుల్ని ప్రాసెసర్ అడుగున ఉండే ఆకుపచ్చ బోర్డుకు అంటించిన నల్ల సిలికోన్ జిగురు మందంగా ఉండి, మూతను పైకి ఎత్తిపెడుతుంది. ఆ సందు పెరిగేకొద్దీ పేస్ట్ పొర మందమవుతుంది. జిగురు గీకేసి, పాత రకం పేస్టే మళ్లీ పూసినా కొన్ని డిగ్రీలు తగ్గడం అందుకే.

మీ దగ్గరున్నది ఏ రకమో తరం చూసి చెప్పేయొచ్చు. ఇంటెల్‌లో 2011 నాటి శాండీ బ్రిడ్జ్‌కు టంకం. 2012 లో ఐవీ బ్రిడ్జ్ నుంచి 2017 చివర్లో వచ్చిన 8700కె దాకా, మామూలు డెస్క్‌టాప్ రకాలన్నిటికీ పేస్ట్. 2018 అక్టోబరులో వచ్చిన 9600కె, 9700కె, 9900కె లతో టంకం తిరిగొచ్చింది, ఆ తర్వాతి పెద్ద రకాలన్నీ అదే దారి. ఏఎండీ రైజెన్‌లకు 2017 నుంచి టంకమే. 2200జి, 2400జి, 3200జి లాంటి గ్రాఫిక్స్ కలిసిన కొన్నిటికి మాత్రం పేస్ట్ పెట్టారు. మీ వాళ్లల్లో ఎక్కువమంది దగ్గరున్న రైజెన్ 5 3600, 5600 లకు టంకం. వాటి సంగతి ఇక్కడితో అయిపోయింది, ముట్టుకోవద్దు.

ఆఫీసుల నుంచి వచ్చిన పాత డబ్బాల్లో ఐ5-3470, ఐ5-4570 దొరుకుతుంటాయి. వాటిల్లో పేస్టే, అదీ పదేళ్లు దాటినది. అయినా అవి లోడులో యాభై, అరవై వాట్లకు మించి తాగవు. 50 వాట్ల దగ్గర పై లెక్క ప్రకారం మిగిలేది ఆరు డిగ్రీలు. పైగా ఓవర్‌క్లాక్ చేయడానికి (రాసిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడపడానికి) ఆ ఆఫీసు డబ్బాల్లో వీలుండదు కాబట్టి ఆ ఆరు డిగ్రీలతో వేగమేమీ పెరగదు.

అసలు వేడి ఎక్కడ చిక్కుకుంటోందో చూడకుండా ఏదీ విప్పకూడదు. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో (ఉష్ణోగ్రతలు, వాట్లు చూపే ప్రోగ్రాం) తెరిచి పెట్టుకుని, ప్రాసెసర్‌కు నిండా పని పెట్టే సినీబెంచ్ పది నిమిషాలు నడపండి. లోడు మొదలైన ఒకటి రెండు క్షణాల్లోనే పాతిక ముప్పై డిగ్రీలు ఎగిరి, ఆపగానే అంతే వేగంగా పడిపోతే, ఆలోగా కూలర్ రెక్కలు చేతికి గోరువెచ్చగా కూడా తగలకపోతే, అడ్డంకి డైకి దగ్గర్లో ఉందన్నమాట. అది మూత కిందదైనా కావచ్చు, మూత పైన పేస్ట్ ఎండిపోయినా కావచ్చు. అలా కాక నిమిషాల తరబడి మెల్లగా ఎక్కుతూ పోతుంటే దోషం కూలర్‌దో, కేబినెట్‌లో గాలిదో. అప్పుడు పక్క తలుపు తీసేసి మళ్లీ నడపండి. ఐదారు డిగ్రీలు తగ్గిందంటే కేబినెట్‌లోకి గాలి చాలడం లేదు. ముందు ఒక ఫ్యాను లోపలికి, వెనక ఒకటి బయటికి పెడితే సరిపోతుంది. ప్రాసెసర్ లోపలి కోర్లకూ కోర్లకూ (లెక్కలు చేసే విభాగాలు) మధ్య పదిహేను డిగ్రీల తేడా కనబడితే పేస్ట్ సమంగా లేదని గుర్తు.

గది ఉష్ణోగ్రత కూడా రాసుకోవాలి. ఏ కూలరైనా గది గాలికన్నా ఎన్ని డిగ్రీలు పైన ఉంచగలదన్నదే లెక్క. తిరుపతిలో కత్తెర ఎండలప్పుడు మిద్దె మీది గదిలో 38 ఉంటుంది, డిసెంబరులో 24. అదే యంత్రం, అదే లోడు, పద్నాలుగు డిగ్రీల తేడా. మే నెలలో 92 చూసి భయపడి మూత పీకాలనుకునేవాళ్లలో సగంమందికి కావలసింది దుమ్ము దులుపుకోవడం. రెక్కల మధ్య పేరుకున్న దుమ్మును బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి, లేకపోతే అది విపరీతమైన వేగంతో తిరిగి బేరింగు పాడవుతుంది.

తర్వాత బయటి పేస్ట్ మార్చండి. ఏఎం4 సాకెట్ రైజెన్ అయితే కూలర్ తీసేముందు ఒక పది నిమిషాలు లోడు పెట్టి వేడెక్కించి, కరెంటు ఆపేసి, మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయండి. నిటారుగా లాగితే ఎండిన పేస్ట్‌తో పాటు ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడొచ్చి పిన్నులు వంగుతాయి. ఆ తర్వాత వోల్టేజి. రైజెన్ 5000, ఆ తర్వాతి వాటిల్లో బయోస్‌లో వోల్టేజి తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ ఉంటుంది, దాన్ని మైనస్ 10 తో మొదలుపెట్టి, నిలకడగా ఉంటే మైనస్ 20 దాకా వెళ్లండి. ఇంటెల్‌లో బయోస్ పవర్ లిమిట్లు చూడండి. చాలా మదర్‌బోర్డులు వాటిని హద్దు లేకుండా వదిలేసి ఉంటాయి. ప్రాసెసర్‌కు రాసిన వాట్లకే తెచ్చి బిగిస్తే, పైసా ఖర్చు లేకుండా, మూత పీకితే వచ్చేదానికన్నా ఎక్కువే తగ్గొచ్చు.

ఇవన్నీ అయ్యాక కూడా మీ దగ్గరున్నది 7700కె, 8700కె లాంటిదై, ఓవర్‌క్లాక్ చేసే ఉద్దేశముండి, వారంటీ ఎలాగూ పోయి ఉంటే, అప్పుడు పీకండి. అది మాత్రం నిజంగా లాభసాటి పని.

బ్లేడుతో చేయొద్దు. జిగురు కిందనే బోర్డు పైపొరలో సన్నని రాగి గీతలుంటాయి. బ్లేడు రవ్వంత వంగినా అవి తెగుతాయి. అప్పుడు యంత్రం అసలు లేవదు, లేదా లేచినా ఒక ర్యామ్ చానల్ కనబడదు. వస్తువును బిగించి పట్టే వైస్‌లో పెట్టి సుత్తితో కొట్టే పద్ధతి ఇంటెల్ హాస్వెల్ తరం దాకా నడిచింది కానీ, 2015 స్కైలేక్ నుంచి ఆ బోర్డు పలచబడింది, విరుగుతుంది. మూతను పక్కకు జరిపే ప్రత్యేకమైన పనిముట్టు ఉంటుంది, రాకిట్ 88, డీలిడ్ డై మేట్ అలాంటివే. మీ తరానికి సరిపోయేదే తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్‌లో విచారించండి. ప్రాసెసర్‌ను దాని గుర్తు చూసుకుని అందులో కూర్చోబెట్టి, అలెన్ కీతో పావు చుట్టు చొప్పున బిగిస్తూ పోతే జిగురు తెగి టక్కుమని మూత జరుగుతుంది. అక్కడ ఆపండి. మూత నిటారుగా ఎత్తి పక్కన పెట్టండి.

డై మీది పాత పేస్ట్‌ను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. నల్ల జిగురును పాత ఏటీఎం కార్డు అంచుతో, గోటితో గీకాలి. ఇనుప వస్తువు తగలనీయొద్దు. బోర్డు మీదా, మూత అంచు మీదా రెండుచోట్లా పూర్తిగా పోవాలి. ఇందాక చెప్పిన సందు తగ్గేది దీనివల్లే. అరగంట పట్టినా ఓపికగా చేయండి.

డై పక్కన బంగారు రంగు చుక్కలో, చిన్న భాగాలో కనబడితే రంగులేని గోళ్ల పాలిష్ పూసి పూర్తిగా ఆరనివ్వండి. హాస్వెల్‌లో డై పక్కన వరసగా భాగాలుంటాయి, దానికిది తప్పనిసరి. ఎందుకంటే లిక్విడ్ మెటల్ అంటే గాలియం, ఇండియం, తగరం కలిసిన లోహం. కరెంటు పారుతుంది. ఒక్క చుక్క జారినా షార్టు.

గుండుసూది తలంత చుక్క డై మీద పెట్టండి, చాలు. దూది పుల్లతో మెల్లగా రుద్దండి. మొదట ముత్యంలా ఉండలు కడుతుంది, ఒత్తి రుద్దుతుంటే ఒక్కసారిగా తడిసినట్టు పరుచుకుంటుంది. మూత లోపలివైపు డై తగిలే మేరకు కూడా అంతే పలచగా పూయండి. అద్దంలా మెరవాలి గానీ అంచున మడుగు కట్టకూడదు. ఎక్కువైతే సిరంజితోనే వెనక్కి లాగేయండి.

మూత తిరిగి పెట్టేటప్పుడు నాలుగు మూలల్లో ఆవగింజంత నల్ల ఆర్‌టీవీ సిలికోన్ చాలు. చుట్టూరా పూస్తే మళ్లీ సందు పెరుగుతుంది, పైగా లోపలి గాలి పోవడానికి దారి ఉండాలి. సాకెట్ లివర్ వేసేటప్పుడు మూత ఒక పక్కకు జారుతుంది, వేలితో నొక్కి పట్టుకుని వేయండి. ఒకరోజు ఆరనివ్వండి. మూత పైన, కూలర్ కింద మాత్రం మామూలు పేస్టే వాడండి. గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది. ఇంటెల్ డబ్బాతో వచ్చే కూలర్ చాలావరకు అల్యూమినియమే. చవక టవర్ కూలర్లలో రాగి గొట్టాలు నేరుగా తగులుతాయని గొప్పగా చెబుతారు గానీ, గొట్టాల మధ్య ఉండేది కూడా అదే.

మూత లేకుండా కూలర్‌ను నేరుగా డై మీద కూర్చోబెడితే ఇంకా తగ్గుతుందని కొందరంటారు. తగ్గుతుంది. కానీ మూత మందం మేరకు కూలర్ ఎత్తు తగ్గించాలి, సాకెట్ బిగింపు మార్చాలి, నాలుగు స్క్రూలూ సమానంగా బిగియాలి. ఒక మూల ముందు బిగిస్తే డై చిట్లుతుంది. మీకొద్దు.

ఇంటెల్ 13, 14 తరాల పెద్ద రకాలున్నవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. వాటిల్లో వోల్టేజి ఎక్కువై ప్రాసెసర్ క్రమంగా పాడయ్యే లోపం బయటపడింది. ఇంటెల్ 2024 లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాలు) సవరణలు ఇచ్చి, విడిగా డబ్బాలో అమ్మే ప్రాసెసర్లకు వారంటీని మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. అలాంటి వారంటీని మూత పీకి పోగొట్టుకోవద్దు, బయోస్ అప్‌డేట్ చేసుకోండి. ఆ సాకెట్ బిగింపు మూతను మధ్యలో కొంచెం వంచుతుంది. బిగింపు తీసి కాంటాక్ట్ ఫ్రేమ్ అనే చట్రం పెడితే ప్రాసెసర్‌ను ముట్టుకోకుండానే కొన్ని డిగ్రీలు తగ్గుతుంది.

2022 లో వచ్చిన రైజెన్ 7000 సంగతి వేరు. పాత ఏఎం4 కూలర్లు సరిపోవాలని ఎత్తు అలాగే ఉంచడంతో మూత బాగా మందమైంది. అందువల్ల టంకమున్నా సరే, మూత తీసి కూలర్ నేరుగా పెట్టినవాళ్లకు పది, అంతకు మించి కూడా తగ్గింది. కానీ మూత కాళ్ల మధ్య సందుల్లోనే కెపాసిటర్లు ఉంటాయి, ఒకటి ఊడితే ప్రాసెసర్ పోయినట్టే. అవి 95 డిగ్రీల దాకా వెళ్లేలాగే తయారుచేశారు, ఆ అంకె చూసి కంగారుపడనక్కర్లేదు. ఎకో మోడ్‌లో 65 వాట్లు పెట్టుకుంటే గేముల్లో తేడా పెద్దగా తెలియదు.

లాప్‌టాప్ గురించి కూడా అడిగారు. అందులో పీకడానికి మూతే ఉండదు, డై బయటికే ఉంటుంది. దుమ్ము తీసి పేస్ట్ మార్చడమే పని. మామూలు పేస్ట్ అక్కడ వేడికీ చల్లదనానికీ పక్కలకు జారిపోతుంది కాబట్టి పీటీఎం7950 అనే షీటు కత్తిరించి వేయండి, చాలాకాలం నిలుస్తుంది.

మీ ప్రాసెసర్ పేరు, గది ఉష్ణోగ్రత, ఖాళీగా ఉన్నప్పుడూ సినీబెంచ్ పదో నిమిషంలోనూ ఎన్ని డిగ్రీలు, ఎన్ని వాట్లు, పక్క తలుపు తీస్తే ఎంత తగ్గిందీ రాసి పంపండి. పీకాలో వద్దో అవి చూసి చెబుతాను.

మీ పెద్దనాయన