ఎలుక లేని బొమ్మలో ఎలుక పరుగు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మెరుపులా పరిగెత్తే ఎలుక స్పీడీ గొంజాలెస్ కార్టూన్ చూస్తూ చిన్నోడు వేసిన ప్రశ్న అమ్మ ఫోన్లో చెప్పింది. "ఎలుకని మామూలుగానే గీసి, రీలు గబగబా తిప్పారా?" అని అడిగాడట. ఎంత మంచి ప్రశ్నరా! కానీ అలా తిప్పితే పక్కనున్న పిల్లి కూడా అంతే జోరుగా పరిగెడుతుంది కదా? సంగీతం కూడా కీచుమంటుంది. రీలు వేగం ఎప్పుడూ ఒక్కటే, సెకనుకు 24 ఫ్రేములు, అంటే రీలు మీది 24 గళ్లు. మారేది బొమ్మల్లో ఉన్న సంగతి. ఎలుక అన్నిటికన్నా వేగంగా పోయే చోట ఎలుకని దాదాపు గీయరు.

నమ్మకం కుదరడం లేదు కదూ? వంటింట్లోకి రండి. పొయ్యి మీద పాలు ఉన్నాయి. గిన్నె అంచు చుట్టూ సన్నటి బుడగలు లేస్తాయి. మీగడ ముడతలు పడి మధ్యలో మెల్లగా ఉబ్బుతుంది. ఇక పొంగుతాయని మీకు తెలుస్తూనే ఉంటుంది. ఇంతలో గ్లాసు కోసం ఒక్కసారి తల తిప్పుతారు. సుయ్‌మని చప్పుడు. తిరిగి చూసేసరికి గిన్నెలో పాలు సగానికి దిగాయి, బర్నరు చుట్టూ తెల్లటి చారలు, మాడిన వాసన, గుమ్మంలో అమ్మ. పాలు పొంగడం మీరు చూడలేదు. అయినా ఏ వైపు పొంగాయో, ఎంత జోరుగా పొంగాయో అంతా చూసినట్టే చెప్పగలరు.

ఆ ఎలుక పరుగూ ఇంతే. మీగడ ఉబ్బినట్టు ముందు ఎలుక వెనక్కి వాలుతుంది, ఒక కాలు పైకెత్తుతుంది. దీనికి ఎనిమిది ఫ్రేములు, అంటే సెకనులో మూడో వంతు ఇవ్వాలి. మీరు గ్లాసు కోసం తల తిప్పిన క్షణం ఉంది చూశారూ, అది రెండు మూడు ఫ్రేములు. వాటిలో ముక్కూ చెవులూ ఉన్న ఎలుక ఉండదు, సాగదీసిన రంగు చార ఉంటుంది. సుయ్ అన్న చప్పుడు సౌండ్ ఎఫెక్టు. పొయ్యి మీది చారలు ఎలుక వెనక లేచిన దుమ్ము. ఆ దుమ్ము ఒక సెకను పాటు, 24 ఫ్రేములూ నిలబడాలి. మరి గుమ్మంలో అమ్మ ముఖమో? అది పిల్లి ముఖం. ఎంత పాలు పోయాయో గిన్నెలోకి చూడక్కర్లేదు, అమ్మ కళ్లు చూస్తే చాలు. ఎలుక ఎంత వేగంగా పోయిందో కూడా నోరు తెరిచి నిలబడిన ఆ పిల్లిని చూసే మనం కొలుస్తాం.

ఇందులో ఏది తప్పినా ఆట చెడుతుంది. వెనక్కి వాలడం తీసేస్తే ఎలుక మాయమైనట్టు ఉంటుంది గానీ పరిగెత్తినట్టు ఉండదు. ఎటు పోయిందో కంటికి దొరకదు. జాగ్రత్త ఎక్కువై మధ్యలో పది పదిహేను బొమ్మలు గీస్తే ఎలుక పార్కులో నడకకి వచ్చినట్టు కనిపిస్తుంది. చార గీయకుండా, ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ మధ్య ఖాళీ వదిలేస్తే పాడైన ట్యూబులైటులా టకటకా కొట్టుకుంటుంది. అందుకే ఒక బొమ్మ తోక ముందు బొమ్మ ముక్కుని తాకేలా సాగదీస్తారు. స్టూడియోలో ఈ పని రంగులు వేసేవాళ్ల చేతిలో ఉండేది. పారదర్శకమైన షీటు ముందువైపు సిరాతో గీతలు గీసేవాళ్లు, వెనకవైపు రంగు నింపేవాళ్లు. చార కావాల్సిన చోట దాదాపు ఆరిపోయిన కుంచెని షీటు మీద ఒక్క ఈడ్పు ఈడ్చేవాళ్లు. కుంచె తడిగా ఉంటే చార ముద్దైపోతుంది.

సినిమా ఏడు నిమిషాలనుకోండి. 420 సెకన్లు, అంటే 10,080 ఫ్రేములు. మామూలు కదలికలకి ఒక బొమ్మని రెండు ఫ్రేముల పాటు ఉంచుతారు కాబట్టి సినిమా అంతా కదులుతూ ఉంటే ఒక్క పాత్రకే 5,040 బొమ్మలు. పిల్లికి వేరు, ఎలుకకి వేరు. వెనకనున్న గోడా ఆకాశమూ మాత్రం ఒక్కసారి గీస్తే ఆ షాటంతా సరిపోతాయి.

ఇక ఈ ఎలుక పుట్టుక చెబుతాను. మొదట 1953లో రాబర్ట్ మెకింసన్ తీసిన, వార్నర్ బ్రదర్స్ అనే అమెరికా సినిమా కంపెనీ కార్టూన్‌లో కనిపించింది. బంగారు పన్ను, ఎర్ర చొక్కా, చూడ్డానికి వేరే ఎలుక. రెండేళ్ల తర్వాత దర్శకుడు ఫ్రిజ్ ఫ్రెలెంగ్, చిత్రకారుడు హాలీ ప్రాట్ కలిసి రూపం మార్చారు. తెల్లటి బట్టలు, మెడలో ఎర్ర రుమాలు, తల కన్నా ఎన్నో రెట్లు పెద్దదైన పసుప్పచ్చ టోపీ. ఆ టోపీ వల్ల కలిగిన మేలు ఇంతా అంతా కాదు. రెండే ఫ్రేములు కనిపించే జీవిని కన్ను పట్టుకోవాలంటే పళ్లెం లాంటి పెద్ద ఆకారం ఏదో ఒకటి ఉండాలి. ఎలుక ఆగాక కూడా టోపీ అంచు కొంచెం ఊగి నిలిస్తే, ఎంత జోరుగా వచ్చి ఆగిందో తెలిసిపోతుంది.

ఈ కొత్త రూపంతో 1955 సెప్టెంబరులో వచ్చిన సినిమా పేరు కూడా 'స్పీడీ గొంజాలెస్' అనే. మెక్సికో సరిహద్దులో ఆకలితో ఉన్న ఎలుకలు, కంచె అవతల అమెరికా చీజ్ ఫ్యాక్టరీ, దానికి కాపలా సిల్వెస్టర్ అనే పిల్లి. పిల్లి నేలలో మందుపాతరలు పాతుతుంది. ఎలుక వాటి మీదుగానే దూసుకుపోయినా ఒక్కటీ పేలదు. పిల్లి అడుగు పెడితే పేలుతుంది! చివరికి కోపం పట్టలేక చీజ్ మొత్తాన్నీ డైనమైట్‌తో పేల్చేస్తే, ఆ ముక్కలన్నీ ఎలుకల మీదే వానలా కురుస్తాయి. ఎలుకకీ పిల్లికీ కూడా గొంతు ఇచ్చింది మెల్ బ్లాంక్ ఒక్కరే. 1956లో జరిగిన వేడుకలో కార్టూన్ లఘుచిత్రాల ఆస్కార్ దీనికే ఇచ్చారు.

ఫ్రెలెంగ్‌కి సంగీతం బాగా తెలుసు. ఏ కదలిక ఎన్ని ఫ్రేములుండాలో సంగీతం రాసే కాగితం మీదే లెక్క వేసుకునేవాడు. 12 ఫ్రేములకు ఒక దెబ్బ అనుకుంటే నిమిషానికి 120 దెబ్బలు. సంగీతంతో పాటు చప్పట్లతో తాళం వేస్తూ చూడండి, ఎలుక ఆగడం చాలాసార్లు దెబ్బ మీదే పడుతుంటుంది.

ఒక మాట మాత్రం మనసులో పెట్టుకోండి. ఈ వరస కార్టూన్లలో కొన్నిటిలో మిగతా మెక్సికో ఎలుకలను బద్ధకస్తుల్లా చూపించారు. అది తప్పు, ఏ ఊరి వాళ్లనైనా అలా ఒకే గాటన కట్టకూడదు. ఇదే విమర్శ వచ్చి అమెరికాలో కార్టూన్ నెట్‌వర్క్ కొన్నాళ్లు వీటిని పక్కన పెట్టింది. 2002లో మళ్లీ వేశారు. తిరిగి వేయమని గట్టిగా అడిగిన వాళ్లలో లాటిన్ అమెరికా మూలాలున్న వాళ్లూ ఉన్నారు. తెలివైన ఆ ఎలుకని వాళ్లు తమవాడిగానే చూసుకున్నారు.

ఇప్పుడు మీ పని. మూడు ఎ-ఫోర్ జిరాక్స్ కాగితాలు తీసుకుని ఒక్కోదాన్ని ఎనిమిది ముక్కలు చేయండి, 24 చీటీలు వస్తాయి. కుడి అంచుని బల్ల మీద తట్టి సమం చేసి, ఎడమవైపు పెద్ద క్లిప్పు బిగించండి. ఒకటో బొమ్మ అడుగు చీటీ మీద వేయాలి. దాని మీద తర్వాతి చీటీ పరిస్తే కింది గీత లీలగా కనిపిస్తుంది, దాన్ని చూసి కొంచెం మార్చి గీయొచ్చు. ఒకటి నుంచి ఆరు దాకా ఎలుక ఊరికే నిలబడి ఉంటుంది. ఏడు నుంచి పదకొండు దాకా వెనక్కి వాలుతుంది. పన్నెండులో కుడి అంచుదాకా సాగిన చార. పదమూడులో నాలుగు అడ్డ గీతలు, గుండ్రటి దుమ్ము. ఇక పద్నాలుగు నుంచి 24 దాకా ఎలుక లేదు, దుమ్ము పెద్దదై పల్చబడుతూ ఉంటుంది, పక్కనున్న గడ్డిపోచ ఊగి ఊగి నిలుస్తుంది. నేల గీత అన్నిటిలోనూ ఒకే ఎత్తులో ఉండాలి, లేకపోతే భూకంపం వచ్చినట్టు ఉంటుంది. బొటనవేలితో అడుగు నుంచి పైకి వదలండి. కుడి అంచు సమంగా లేకపోతే రెండు మూడు చీటీలు ఒకేసారి జారతాయి. పన్నెండోది జారిపోయిందా, పరుగు పోయినట్టే.

నిజం ఎలుక పరుగు పందెంలో పిల్లిని గెలవలేదు. ఇంటి ఎలుక గంటకు 13 కిలోమీటర్ల దాకా పరిగెడుతుంది, పిల్లి దానికి మూడింతలకు పైనే. ఎలుక బతికేది గోడ వెంబడే పోవడం వల్ల, గభాలున మలుపు తిరగడం వల్ల, కలుగు ఎక్కడుందో తెలిసి ఉండడం వల్ల. ఎలుకల కోసం మాత్రం కాచుకుని కూర్చోకండి. ఈ రాత్రి ట్యూబులైటు పక్కన బల్లిని చూడండి. పురుగు దగ్గరికి ఎలా వెళ్తుందో గమనించండి. ఆగుతుంది, కదులుతుంది, మళ్లీ ఆగుతుంది. ఎంతసేపు ఆగిందో తాళం వేసి లెక్కపెట్టండి. చివరి దూకుడుకి ముందు ఒళ్లు ఎలా బిగబట్టిందో, తోక ఏం చేసిందో ఒక కాగితం మీద గీసి నాకు పంపండి. దూకుడు గీయక్కర్లేదు. అది మీకు కనిపించదు.

ఇట్లు,
మీ తాతయ్య