ఆరేళ్ల పిల్లకు మార్షల్స్ కాపలా ఎందుకు అవసరమైంది?

1960 నవంబరు 14న అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో రూబీ బ్రిడ్జెస్ అనే ఆరేళ్ల నల్లజాతి బాలిక నలుగురు ఫెడరల్ మార్షల్స్ (కేంద్ర ప్రభుత్వ భద్రతాధికారులు) కాపలా మధ్య విలియం ఫ్రాంట్జ్ ప్రాథమిక పాఠశాలలో అడుగుపెట్టింది. బయట నిలబడి ఆమెను తిట్టిపోసిన శ్వేతజాతీయుల గుంపును లోకం ఫొటోల్లో చూసింది కానీ, ఆ పిల్లను అంత ఒంటరిగా అక్కడికి చేర్చిన కోర్టు వ్యవహారం, కాగితాల వ్యవహారం చాలామందికి తెలియదు.

నల్లజాతివారిని, శ్వేతజాతివారిని విడివిడిగా ఉంచే జాతి వేర్పాటుకు చట్టబద్ధత తెచ్చిన కేసు కూడా ఇదే నగరంలో మొదలైంది. శ్వేతజాతీయులకు కేటాయించిన రైలు పెట్టెలో కూర్చున్నందుకు 1892లో నల్లజాతివాడిగా లెక్కించిన హోమర్ ప్లెసీని అరెస్టు చేయగా, వసతులు సమానంగా ఉంటే జాతుల వారీగా విడదీయడం తప్పు కాదని 1896లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ సమానత్వం నల్లజాతి పిల్లల బడుల దాకా ఏనాడూ రాలేదు. 1954 మే 17న బడుల్లో వేర్పాటును సవాలు చేసిన బ్రౌన్ కేసులో అదే కోర్టు, ప్రభుత్వ పాఠశాలల్లో జాతి వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమని ఏకగ్రీవంగా ప్రకటించింది. రూబీ పుట్టింది ఆ ఏడాది సెప్టెంబరులోనే. కానీ 1955లో ఇచ్చిన అమలు ఉత్తర్వులో కోర్టు గడువేదీ విధించకపోవడంతో అమెరికా దక్షిణాది రాష్ట్రాలు దాన్ని వాయిదాలకు వాడుకున్నాయి. నా దృష్టిలో ఆ తరం పిల్లలకు జరిగిన పెద్ద అన్యాయం ఇదే.

న్యూ ఆర్లియన్స్‌లో నల్లజాతి తల్లిదండ్రుల తరఫున న్యాయవాది ఎ. పి. ట్యూరో 1952లోనే కేసు వేశారు. వేర్పాటు తొలగించాలని ఫెడరల్ న్యాయమూర్తి జె. స్కెల్లీ రైట్ 1956లో ఆదేశించినా అది అమలుకు రావడానికి మరో నాలుగేళ్లు పట్టింది. ఆ నగరం ఉన్న లూయిజియానా రాష్ట్ర శాసనసభ అడ్డుచట్టాలు చేస్తూ పోతే, రైట్ వాటిని ఒక్కొక్కటిగా కొట్టివేస్తూ వచ్చారు. చివరికి ఒకటో తరగతి నుంచి వేర్పాటు తొలగింపు ప్రారంభించక తప్పనప్పుడు, శ్వేతజాతి బడిలో చేరగోరే నల్లజాతి పిల్లలకు అధికారులు పరీక్ష పెట్టారు. పొరుగునే ఉన్న శ్వేతజాతి పిల్లలు ఆ బడిలో చేరడానికి ఏ పరీక్షా రాయనక్కరలేదు. ఉత్తీర్ణులైన ఆరుగురిలో ఇద్దరు పాత బడిలోనే ఉండిపోయారు; లియోనా టేట్, టెస్సీ ప్రివోస్ట్, గెయిల్ ఎటియెన్ అనే ముగ్గురు బాలికలు మెక్‌డొనో 19 పాఠశాలకు వెళ్లారు; ఫ్రాంట్జ్ పాఠశాలకు రూబీ ఒక్కతే మిగిలింది.

మొదటి రోజంతా రూబీ, ఆమె తల్లి లూసీల్ ప్రిన్సిపల్ గదిలోనే కూర్చున్నారు. శ్వేతజాతి తల్లిదండ్రులు వరుసగా వచ్చి తమ పిల్లలను ఇళ్లకు తీసుకుపోయారు. బోస్టన్ నుంచి వచ్చిన ఉపాధ్యాయిని బార్బరా హెన్రీ ఆ ఏడాదంతా ఆ ఒక్క పిల్లకే పాఠాలు చెప్పారు. బహిష్కరణను కాదని వచ్చిన కొద్దిమంది శ్వేతజాతి పిల్లలను సైతం రూబీ కంటబడకుండా వేరే గదిలో ఉంచారు. అంటే కోర్టు కొట్టేసిన వేర్పాటు ఆ కప్పు కిందే మళ్లీ నడిచింది. హెన్రీ అభ్యంతరం చెప్పాకే పిల్లలు కలుసుకోగలిగారు. విషం పెడతామని గుంపులోని ఒక స్త్రీ బెదిరించడంతో రూబీ ఇంటి నుంచి తెచ్చుకున్నది తప్ప మరేదీ తినకూడదని మార్షల్స్ కట్టడి చేశారు. మరొకరు నల్ల బొమ్మను చిన్న శవపేటికలో పెట్టి చూపించారు. కొరియా యుద్ధంలో పోరాడి వచ్చిన ఆమె తండ్రి అబోన్ పెట్రోల్ బంకులో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. మిసిసిపీ రాష్ట్రంలో పంటలో వాటా ఇచ్చే పద్ధతిపై పరుల భూమిలో సేద్యం చేసుకునే రూబీ తాతా అవ్వలను ఆ భూమి నుంచి వెళ్లగొట్టారు.

బ్రౌన్ తీర్పు వచ్చిన పదేళ్లకు కూడా దక్షిణాదిలో శ్వేతజాతి పిల్లలతో కలిసి చదివే నల్లజాతి పిల్లలు నూటికి ఇద్దరు ముగ్గురికి మించి లేరు. వివక్ష పాటించే పాఠశాలలకు ఫెడరల్ నిధులు ఆపే అధికారాన్ని 1964 పౌర హక్కుల చట్టం ఇచ్చాకే పరిస్థితి కదిలింది. ఇక జాప్యం కుదరదని 1968లో సుప్రీంకోర్టు స్పష్టం చేసేనాటికి రూబీకి పదమూడేళ్లు. ఆ తర్వాత శ్వేతజాతి కుటుంబాలు ప్రైవేటు బడులకు, శివార్లకు తరలిపోయాయి. 2005లో కత్రినా తుఫాను వచ్చే నాటికి ఫ్రాంట్జ్ పాఠశాలలో చదువుతున్నవారు దాదాపు అందరూ నల్లజాతి పిల్లలే.