ట్యూబులో ఏముంది? స్టెరాయిడ్ లేని చర్మపు మందుల నేపథ్యం

వానాకాలంలో శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి దగ్గరో, విజయనగరం గంటస్తంభం దగ్గరో ఏ మందుల షాపు ముందు కాసేపు నిలబడినా చర్మం బాధలు వరుసగా వినబడతాయి. ఒకరికి తొడల్లో తామర. ఒక తల్లి చంకలోని పిల్లాడికి మోచేతి మడతల్లో ఎర్రటి పొక్కులు, రసి. ఇంటర్ చదివే అమ్మాయికి మొహం మీద మచ్చలు. మూడూ వేర్వేరు బాధలు. ముగ్గురి చేతికీ వెళ్లే ట్యూబు మాత్రం చాలా ఏళ్లుగా దాదాపు ఒకటే, స్టెరాయిడ్ కలిసినది. ఈమధ్య ఈ వరుసలో కొత్త మాట ఒకటి చేరింది: "స్టెరాయిడ్ లేనిది ఉంటే ఇవ్వండి బాబూ." అడగడం మంచిదే. అయితే స్టెరాయిడ్ ఎందుకు చెడ్డపేరు తెచ్చుకుందో తెలియకుండా అడిగితే, ఒక తప్పు మందు పోయి మరో తప్పు మందు ఇంటికి వస్తుంది.

నిజానికి స్టెరాయిడ్ లేని పూతలు కొత్తవి కావు, స్టెరాయిడే కొత్తది. దురదకు కానుగ నూనె, వేప నూనె, మెట్టతామర ఆకు నూరిన ముద్ద పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. ఆస్పత్రుల్లో వైట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంటు ఉండేది. బెంజోయిక్ ఆమ్లం 6 శాతం, సాలిసిలిక్ ఆమ్లం 3 శాతం కలిపిన ఈ మందును ఆర్థర్ వైట్‌ఫీల్డ్ అనే వైద్యుడు 1907లో ప్రచారంలోకి తెచ్చాడు. తామర మీద ఇప్పటికీ పనిచేస్తుంది. పొలుసులు రాలే సోరియాసిస్‌కు, దురద, రసితో వేధించే ఎగ్జిమాకు బొగ్గు నుంచి తీసిన తారు పూసేవారు. తారు పూసి అతినీలలోహిత కాంతి పట్టే పద్ధతిని 1925లో అమెరికా వైద్యుడు విలియం గోకర్‌మన్ వివరించాడు.

వీటిలో మన దేశంతో చుట్టరికం ఉన్నది 'గోవా పొడి'. బ్రెజిల్‌లో పెరిగే ఒక చెట్టు మాను నుంచి తీసిన ఈ పసుపుపచ్చ పొడి పోర్చుగీసువారి ద్వారా గోవాకు చేరింది. ఇక్కడ తామరకు వాడేవారు. 1870లలో బాల్మనో స్క్వైర్ అనే లండన్ వైద్యుడు దాన్ని సోరియాసిస్ మీద పూసి గుణం కనిపెట్టాడు. తర్వాత 1916లో దానికి బదులుగా జర్మనీలో వచ్చిన కృత్రిమ పదార్థమే డిత్రనాల్. ఇవన్నీ పనిచేసేవే. కానీ తారు కంపు, బట్టలకు మరకలు, ఒళ్లు మంట. ఇంతకంటే తేలికైనది దొరికితే రోగి వీటి మొహం చూస్తాడా?

అలాంటిది దొరికింది. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్లవాతం రోగులకు కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి చూశారు. మంచం దిగలేనివారు నడిచారు. రెండేళ్లు తిరిగేసరికి, 1950లో కెండల్, హెంచ్, రైక్‌స్టీన్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. 1952లో సల్జ్‌బర్గర్, విటెన్ అనే ఇద్దరు వైద్యులు హైడ్రోకార్టిసోన్‌ను ఆయింట్‌మెంటుగా పూస్తే ఎగ్జిమా తగ్గుతుందని చూపించారు. వాసన లేదు, మరక లేదు, రెండు రోజుల్లో దురద మాయం. హైడ్రోకార్టిసోన్ మెత్తటి మందు. దాని అణువుకు మార్పులు చేస్తూ బీటామెథాసోన్, ఆ తర్వాత 1970లలో క్లోబెటాసోల్ వచ్చాయి. పూత మందుల్లో క్లోబెటాసోల్ అత్యంత తీవ్రమైన తరగతికి చెందినది. ఇవి రక్తనాళాలను ముడుచుకునేలా చేసి ఎరుపు తగ్గిస్తాయి, రోగనిరోధక కణాల దూకుడు ఆపుతాయి. అదే పనిగా నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, చారలు పడతాయి, మొహం మీద సన్నటి ఎర్ర నరాలు తేలతాయి. సరైన జబ్బుకు, సరైన తీవ్రతలో, కొద్దిరోజులు వాడితే దీనికి సాటి వచ్చే మందు ఈనాటికీ తక్కువే. నా లెక్కలో తప్పు మందుది కాదు, అమ్మకానిది.

మన దేశంలో డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందులను షెడ్యూల్ హెచ్‌లో చేరుస్తారు. ఒంటికి పైన పూసే మందులకు మాత్రం చాలాకాలం ఆ కట్టుబాటు నుంచి మినహాయింపు ఉండేది. లోపలికి మింగితే స్టెరాయిడ్‌కు చీటీ కావాలి, మొహానికి రాసుకుంటే అక్కర్లేదు! ఈ కంతలోంచి కంపెనీలు బండ్లకొద్దీ ట్యూబులు తోలాయి. 1975లో క్లిగ్‌మన్ అనే అమెరికా చర్మవైద్యుడు మంగు మచ్చల కోసం హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, డెక్సామెథాసోన్ కలిపిన మందు చెప్పాడు. దాని రూపాంతరాలు ఇక్కడ తెల్లబడే క్రీములుగా చలామణి అయ్యాయి. పెళ్లిచూపుల ముందు నెలరోజులు రాస్తే నిగారింపు వస్తుంది. ఆపిన వారానికి మొహం భగ్గుమంటుంది. భయపడి మళ్లీ రాస్తారు. ఇలా స్టెరాయిడ్‌తో పాడైన మొహానికి మన చర్మవైద్యులు ప్రత్యేకంగా ఒక రోగనామమే పెట్టాల్సి వచ్చింది. దేశంలోని పలు ఆస్పత్రుల్లో మొహం జబ్బులతో వచ్చిన 2,926 మందిని పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 433 మంది స్టెరాయిడ్ పూతలు వాడుతున్నట్టు తేలింది. చర్మవైద్యుల సంఘం గట్టిగా పోరాడాక 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టెరాయిడ్ పూతలను షెడ్యూల్ హెచ్ కిందకు తెచ్చింది. పెట్టె మీద చీటీ మందని తెలిపే ఎర్ర గీత వచ్చింది. చీటీ అడిగే షాపు ఎక్కడైనా కనబడితే మాత్రం చెప్పుకోదగ్గ విషయమే.

కోస్తాలో అసలు నష్టం తామర దగ్గర జరిగింది. ఉక్కపోత, చెమట, ఆరని లోదుస్తులు, ఒకే తుండుతో ఇంటిల్లిపాదీ ఒళ్లు తుడుచుకోవడం: తామర తెచ్చే శిలీంధ్రానికి (ఫంగస్‌కు) ఇంతకంటే ఏం కావాలి? పాత తామర ట్యూబు పెట్టె ఒకటి తీసి వెనుక సన్నక్షరాలు చదవండి. క్లోబెటాసోల్ 0.05 శాతం, ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినాఫిన్. ఒక స్టెరాయిడ్, ఒక యాంటీబయోటిక్, అమీబా లాంటి పరాన్నజీవులకు వాడే మందు ఒకటి, చిట్టచివర తామరకు అవసరమైన అసలు మందు. జబ్బు ఏదో తేల్చుకోలేనప్పుడు నాలుగు దిక్కులకూ తలా ఒక రాయి వేసినట్టు ఉంటుంది ఈ తయారీ. స్టెరాయిడ్ వల్ల మూడో రోజుకే దురద ఆగుతుంది, రోగి రాయడం ఆపేస్తాడు. కింద శిలీంధ్రం నివురుగప్పిన నిప్పులా ఉండి నెల తిరిగేసరికి నడుము దాకా పాకుతుంది. పైగా గుండ్రటి అంచు చెరిగిపోవడంతో అది తామరని పోల్చుకోవడమే కష్టమవుతుంది. గత దశాబ్దంలో దేశమంతటా మొండి తామర పెరిగింది. దానికి కారణమైన శిలీంధ్రానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరుపెట్టారు. టెర్బినాఫిన్‌కు లొంగని రకాలు దీనిలో చాలా ఉన్నాయి. ఈ ఉపద్రవానికి కలగాపులగం ట్యూబులు దోహదం చేశాయని చర్మవైద్యులు గట్టిగా నమ్ముతారు.

ఇక స్టెరాయిడ్ లేని కొత్త తరం. 1984లో జపాన్‌లోని త్సుకుబా ప్రాంతపు మట్టిలో దొరికిన బ్యాక్టీరియా నుంచి ఒక పదార్థాన్ని వేరు చేశారు. అదే టాక్రోలిమస్. మొదట అవయవ మార్పిడి రోగులకు వాడారు. ఆయింట్‌మెంటుగా 2000 డిసెంబరులో అమెరికాలో ఎగ్జిమాకు అనుమతి వచ్చింది, మరుసటి ఏడాది దాని దగ్గరి చుట్టం పిమెక్రోలిమస్‌కు వచ్చింది. ఇవి టి కణాలనే రోగనిరోధక కణాల్లో కాల్సిన్యూరిన్ అనే ఎంజైమును అడ్డుకుని ఎరుపు, వాపు ఆపుతాయి, చర్మాన్ని పలచబరచవు. అందుకే కనురెప్పలు, మెడ, మడతల్లాంటి పలుచటి చోట్ల ఇవే మేలు. పిల్లలకు రెండేళ్లు దాటాక 0.03 శాతం, పెద్దలకు 0.1 శాతం. మొదటి నాలుగైదు రోజులు రాసినచోట చుర్రుమంటుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే పడలేదనుకుని ట్యూబు పారేస్తారు. క్యాన్సర్ రావచ్చేమోనన్న అనుమానంతో 2006లో అమెరికా అధికారులు మందు వివరాల్లో నల్ల చట్రం కట్టిన గట్టి హెచ్చరిక పెట్టించారు. దాదాపు 8 వేల మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2020లో వెలువరించిన ఫలితాల్లో ఆ భయానికి ఆధారం కనబడలేదు.

ఆ తర్వాత బోరాన్ ఉన్న క్రిసాబొరోల్ 2016లో, రక్సోలిటినిబ్ క్రీము 2021లో, టాపినరాఫ్ 2022లో అమెరికాలో అనుమతి పొందాయి. టాపినరాఫ్ మూలం నులిపురుగుల కడుపులో బతికే ఒక బ్యాక్టీరియా. మందుల పుట్టుక ఒక్కోసారి నవ్వు తెప్పిస్తుంది.

ఇన్ని వచ్చినా స్టెరాయిడ్ లేని మందులన్నీ ఒక కోవకు చెందవు. తామరకు టాక్రోలిమస్ రాయడం కూడా తప్పే, అదీ రోగనిరోధక శక్తిని అణచేదే. అక్కడ కావలసింది శిలీంధ్రాన్ని చంపే మందు మాత్రమే. గజ్జికి పెర్మెత్రిన్. సోరియాసిస్‌కు విటమిన్ డి జాతికి చెందిన కాల్సిపోట్రియాల్, లేదా పాత తారే. మూలికా లేపనమని, స్టెరాయిడ్ లేదని చెప్పి అమ్మే డబ్బాలను మరీ జాగ్రత్తగా చూడాలి. విదేశాల్లో పరీక్షించిన అలాంటి క్రీముల్లో తీవ్రమైన స్టెరాయిడ్లే బయటపడ్డాయి. మూడు రోజుల్లో అద్భుతం చేసే పసరు ఏదైనా సరే, దాన్ని అనుమానించాలి.

ఇదంతా జిల్లాలకు ఆలస్యంగా చేరడానికి దూరమూ ఒక కారణం. విశాఖలో ఆంధ్ర వైద్య కళాశాల 1923 నుంచీ ఉంది. శ్రీకాకుళానికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది 2008లో, విజయనగరానికి 2023లో. అంతవరకూ చర్మవైద్యుడిని చూడాలంటే చాలామందికి విశాఖ కేజీహెచ్‌కు రైలెక్కడమే. ఒకరోజు కూలి పోగొట్టుకుని ఎవరు వెళతారు? ఊళ్లో ఆర్‌ఎంపీ ఉన్నాడు, ఆయన సంచిలో ట్యూబు ఉంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మీద ఉన్నవారిని పీడించే దురద ఇంకో రకం. ఒంటి మీద దద్దురు ఉండదు, గోకుడు మాత్రం నిద్ర పట్టనివ్వదు. దీనికి స్టెరాయిడ్ పూత పనికిరాదు. చర్మం పొడిబారకుండా స్నానం చేసిన వెంటనే కొబ్బరినూనో, పారాఫిన్ లేపనమో రాయడం, డయాలసిస్ సరిగ్గా జరిగేలా చూడడం, అవసరమైతే నరాల మీద పనిచేసే మాత్రలు.

పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులది మరో లెక్క. తొక్కలోని జీడి నూనెలో ఉండే అనకార్డిక్ ఆమ్లం, కార్డోల్ తగిలినచోట చర్మం కాలి నల్లబడి పొరలుగా లేస్తుంది. కొందరికి అది అలర్జీగా మారి వేళ్ల సందుల్లో పగుళ్లతో తిష్ఠ వేస్తుంది. అరచేతి చర్మం మందం కాబట్టి ఇక్కడ వైద్యులు ముందు కొద్దిరోజులు గట్టి స్టెరాయిడే ఇస్తారు. తగ్గాక టాక్రోలిమస్‌కు మారుస్తారు. దాని ట్యూబు ధర మామూలు స్టెరాయిడ్ ట్యూబుకు కొన్ని రెట్లు. చేతికి నూనె పట్టించుకునో, బూడిద రాసుకునో కూర్చునే అలవాటు పాతదే. రబ్బరు తొడుగు ఇంకా మేలు. కానీ కిలోల లెక్కన కూలి కట్టే చోట తొడుగుతో చేయి మందగిస్తుంది, సాయంత్రం తూకం తగ్గుతుంది. అందుకే తొడుగులు ఇచ్చినా తీసి పక్కన పెడతారు.