తొమ్మిదో నెలతో ఆగిపోయే టీకా కార్డు వెనక కథ

బుధవారం టీకాల రోజు. గుంటూరు చుట్టుపక్కల ఏ ఊరి సబ్‌సెంటర్‌కి వెళ్లినా పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, ఐస్ పెట్టె, ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య కార్యకర్త) ముందు కార్డుల దొంతర కనిపిస్తాయి. ఆ వరసలో నెలల పిల్లలే ఎక్కువ. తొమ్మిదో నెలలో తట్టు టీకా వేయించాక చాలామంది ఇక అయిపోయిందనుకుంటారు. ఏడాదిన్నరకి వేయించే బూస్టర్‌కి కొందరు రారు. అయిదేళ్లు నిండాక వేయించాల్సిన డీపీటీకి (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే టీకా) ఇంకా తక్కువమంది వస్తారు. "పిల్లాడు బాగానే ఉన్నాడు కదా, మళ్లీ సూదెందుకు?" అని అడుగుతారు. సరైన ప్రశ్నే. దానికి ఓపిగ్గా జవాబు చెప్పే మనిషి మన వైద్యంలో ఎందుకు కరువయ్యాడో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి.

మన పెద్దవాళ్ల చేతుల మీద గుండ్రటి మచ్చలున్నాయి చూడండి, అవి మశూచి టీకా గుర్తులు. "అమ్మవారు పోసింది" అని వేపమండలు కట్టుకున్న ఇళ్లకు టీకాల మనిషి సర్కారు హుకుంలా వచ్చేవాడు, పిల్లల్ని దాచేవాళ్లు. దేశంలో చివరి మశూచి కేసు 1975లో వచ్చింది. అంత పెద్ద జబ్బు పోయింది గానీ, టీకా అంటే అడగకుండా వేసేది, చెప్పకుండా పోయేది అన్న అలవాటు మాత్రం ఉండిపోయింది.

గుంటూరు వైద్య కళాశాల 1946లో మొదలైంది. దేశంలో వైద్యం ఎలా ఉండాలో చెప్పడానికి సర్కారు వేసిన భోర్ కమిటీ నివేదిక వచ్చిందీ ఆ ఏడే. డాక్టరంటే మందు రాసేవాడే కాదు, ఊరి ఆరోగ్యాన్ని చూసేవాడు కూడా కావాలని, అందుకు చదువులోనే మూడు నెలల శిక్షణ ఇవ్వాలని ఆ కమిటీ చెప్పింది. ఆచరణలో చదువంతా పెద్దాసుపత్రి మంచాల దగ్గరే సాగింది. 1977లో ఒక్కో కాలేజీకి మూడు బ్లాకులు (కొన్ని ఊళ్లు కలిసిన ప్రాంతాలు) అప్పగించి విద్యార్థులను పల్లెలకు పంపే పథకం పెట్టారు, అదీ నిలబడలేదు. విజయవాడలో సిద్ధార్థ వైద్య కళాశాల 1980లో వచ్చింది. సార్వత్రిక టీకాల కార్యక్రమం 1985లో మొదలైంది. టీకాలు ఇంటి గుమ్మం దాకా వచ్చాయి. డాక్టరు మాత్రం ఆసుపత్రిలోనే ఉండిపోయాడు. గుమ్మంలో నిలబడి జవాబు చెప్పే పని ఏఎన్ఎం మీద, ఆ తర్వాత ఆశా కార్యకర్త మీద పడింది.

ఇంతకీ చెప్పాల్సిన జవాబు తేలికైనదేం కాదు. క్షయకు వేసే బీసీజీ టీకానే తీసుకోండి. 1968లో చెంగల్పట్టు దగ్గర లక్షల మందితో పరీక్ష మొదలుపెట్టారు. పెద్దవాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని తేలింది. అయినా పుట్టగానే ఎందుకు వేస్తున్నారంటే, పసిపిల్లల్లో మెదడు పొరలకు పాకే క్షయ నుంచి అది కాపాడుతుంది కాబట్టి. రోటా వైరస్ తెచ్చే విరేచనాలకు వేసే రోటా చుక్కలూ అంతే. 2016లో ఆ చుక్కలు మొదట అందిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పరీక్షల్లో తొలి ఏడాది తీవ్రమైన రోటా విరేచనాలను సగానికి పైగా తగ్గించాయి. అన్ని విరేచనాలనూ కాదు. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట ప్రాంతంలో మురుగు కలిసిన నీళ్లు తాగి మనుషులు చనిపోయారు. అలాంటి నీళ్లకు ఏ చుక్కలూ అడ్డం పడవు. ఈ తేడా తల్లికి ముందే చెప్పకపోతే, చుక్కలు వేయించిన బిడ్డకు విరేచనాలు పట్టిన రోజున ఆమెకు అన్ని టీకాల మీదా నమ్మకం పోతుంది.

చెప్పకుండా చేస్తే ఏమవుతుందో ఉమ్మడి రాష్ట్రం చూసింది. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. కొందరు బాలికలు చనిపోయినా, అవి టీకా వల్ల జరిగినవి కావని విచారణలో చెప్పారు. కానీ అనుమానం అక్కడితో పోలేదు. పోదు కూడా.

ఇక "మళ్లీ సూదెందుకు?" అన్న మొదటి ప్రశ్న. కంఠసర్పి (డిఫ్తీరియా) టీకా బలం కొన్నేళ్లకు తగ్గుతుంది. అందుకే ఇప్పుడు మన దేశంలో ఆ జబ్బు అయిదేళ్లు దాటిన పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తోంది. గొంతులో తెల్లటి పొర పట్టి ఊపిరాడదు, విషం గుండెకూ పాకుతుంది. ఏడాదిన్నరకు, అయిదేళ్లకు, ఆపైన పదికి, పదహారుకి వేసేది అందుకే. ఈ నాలుగు మాటలు చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. ఆ అయిదు నిమిషాలే దొరకడం లేదు.

2022 నుంచి ఎంబీబీఎస్ విద్యార్థి మొదటి ఏడాదిలోనే కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని, చదువు సాగినంతకాలం వాళ్ల ఇళ్లకు వెళ్లాలి. 2023 ఏప్రిల్‌లో చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో, డాక్టరే ఊళ్లోకి వచ్చి చూసే ఫ్యామిలీ డాక్టర్ పథకం మొదలుపెట్టారు. భోర్ కమిటీ అడిగింది డెబ్బై ఏళ్లు దాటాక గుమ్మం తొక్కింది. నాకిది నిజంగా సంతోషం. హాజరు కోసం సంతకం పెట్టి వచ్చేసే పనిగా మారకుండా చూడాల్సింది కాలేజీలే.

మిర్చి కోతలప్పుడు కర్నూలు వైపు నుంచి కుటుంబాలు పిల్లాజెల్లాతో గుంటూరు, పల్నాడు పొలాలకు వస్తాయి. కళ్లాల పక్కన గుడారాల్లో ఉంటాయి. వాళ్ల పిల్లల కార్డులు సొంతూరి ఏఎన్ఎం లెక్కలో ఉంటాయి, పిల్లలు ఇక్కడ ఉంటారు. దత్తతకు ఇచ్చే ఇళ్ల జాబితాలో ఆ గుడారాలు ఇంకా చేరాల్సి ఉంది.