ఫోన్ పట్టుకోమన్నది బడే కదా!

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు తెలుగిళ్ళలో పాత తగవు మళ్ళీ రేగింది. ఫోన్ ఎంతసేపు చూడాలి, గ్రూపుల్లో తోటివాళ్ళతో ఎలా మెలగాలి అన్నవి ఒకటో తరగతి నుంచే నేర్పాలంటున్నారు మాస్టార్లు. తల్లులకు ఇది మింగుడుపడటం లేదు. 1936లో ఒడిశాను వేరుచేసి సరిహద్దు ఎలా గీశారో, తెలుగు బళ్ళు ఎలా తగ్గిపోయాయో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. ఈ తగవు ముడి 2020 ఏప్రిల్‌లో పడింది.

కరోనాకు బళ్ళు మూతపడ్డాక, ఆ నెలలోనే ఒడిశా ప్రభుత్వం ‘శిక్షా సంజోగ్’ పేరుతో వాట్సాప్ పాఠాలు మొదలుపెట్టింది. పైనుంచి ఆర్డరు వచ్చింది, గ్రూపులు పెట్టాం, అప్పుడు వేరే దారేముంది అంటారు మాస్టార్లు. నిజమే.

అదే ఏడాది జులైలో కేంద్రం ఆన్‌లైన్ క్లాసులకు ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాలు ఇచ్చింది. 1 నుంచి 8 తరగతుల వాళ్ళకు రోజుకు 30–45 నిమిషాల క్లాసులు రెండు మించకూడదంది. ఈ సంగతి ఎంతమంది తల్లుల చెవిన పడింది? గ్రూపులో వచ్చేదంతా ఒడియా. తల్లి ఒడియాలో సంతంతా బేరమాడి రాగలదు, చదవమంటే మాత్రం అక్షరం రాదు. మగమనిషి విశాఖలోనో హైదరాబాద్‌లోనో పనిలో ఉంటాడు. ఇక మెసేజ్ చదివి చెప్పాల్సింది మూడో తరగతి పిల్లాడే. “ఇంకో వీడియో చూడమన్నారమ్మా” అంటే నిజమో అబద్ధమో తేల్చేవాళ్ళు లేరు. ఫోన్‌కి లాక్ పెట్టిందీ వాడే, తీసేదీ వాడే. ఇంట్లో పెద్దరికం చేతులు మారింది అప్పుడే.

బళ్ళు తెరిచారు. గ్రూపులు మూయలేదు. హోంవర్కు ఇప్పటికీ ఫోన్‌లోకే వస్తోందని, సాయంత్రం ఫోన్ లాక్కుంటే “మాస్టారు కొడతారు” అని పిల్లలు ఏడుస్తున్నారని తల్లుల ఫిర్యాదు.

మాస్టార్లు చూపించే లెక్క పల్లె పిల్లల చదువుల మీద చేసే అసర్ సర్వే 2024ది. దేశంలో పల్లెల్లో 14–16 ఏళ్ళ పిల్లల్లో 82 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడగలరు. వాళ్ళలో సర్వేకి ముందు వారంలో దాన్ని చదువుకి వాడినవాళ్ళు 57 శాతం, సోషల్ మీడియాకి వాడినవాళ్ళు 76 శాతం. అయితే వీళ్ళకి 2020లో ఎన్నేళ్ళు? పదీ పన్నెండూ. ఫోన్‌లో పాఠాలు విన్న పిల్లలే వీళ్ళు! మాస్టార్లు ఈ ముక్క దాటేస్తారు.

పోనీ, పాఠం పెడతారు సరే, ఏ భాషలో? వీలైనచోట అయిదో తరగతిదాకా ఇంటిభాషలో చెప్పాలని 2020 జాతీయ విద్యావిధానం అంది. ఇక్కడి గిరిజనులైన సవరల పిల్లలకు ఒడిశా బహుభాషా బోధన ఉంది, అది గిరిజన భాషలకు కాబట్టి తెలుగుకు అందులో చోటు లేదు. ఒక పిల్ల వాయిస్ మెసేజ్‌ని నలుగురూ వెక్కిరిస్తూ ఫార్వర్డ్ చేస్తే, ఆ బాధ టీచరుకు పరాయి భాషలో చెప్పుకోగలదా?

తల్లులు అడుగుతున్నవి రెండే. హోంవర్కు నోటుబుక్కులో రాసి పంపాలి. నెలకోసారి పిలిచి, బడి సంగతులు తెలుగులో చెప్పాలి. మొదటిదానికి మాస్టార్లు ఒప్పుకునేలా ఉన్నారు. రెండోదానికి తెలుగొచ్చిన టీచర్లు ఏరని అడుగుతున్నారు.